వెనక బండికి బ్రేకెవరు వేస్తారు?

ట్రైలరు అమ్మేవాళ్ళెవరూ బ్రేకులు చూపించరు. మెట్టెక్కించి లోపలికి తీసుకెళ్తారు. బల్ల మడిస్తే మంచం ఎట్లా అవుతుందో, మంచం ఎత్తితే కింద ఎన్ని దుప్పట్లు పడతాయో చూపిస్తారు. గోడలో కరెంటుతో వెలిగే ఉత్తుత్తి చలిమంట ఒకటుంటుంది, దాన్ని తప్పకుండా వెలిగించి చూపిస్తారు. చక్రాల దగ్గరికి మాత్రం ఎవరూ వంగరు. కొనేవాళ్ళం మనమూ వంగం. ఆ చలిమంట పెట్టిన ధరలో సగం బ్రేకుల మీద పెట్టినా ఆ బండి వేరేగా ఉండేదని నాకు గట్టి అనుమానం.

మాది ఇరవై నాలుగడుగుల ట్రావెల్ ట్రైలర్. సొంత ఇంజను ఉండదు, పికప్పు వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. 2021లో తయారైంది. ఆ ఒక్క ఏడాదే అమెరికాలో ఆరు లక్షల పైచిలుకు ఆర్వీలు ఫ్యాక్టరీల గేట్లు దాటాయి. కోవిడ్ భయానికి విమానాలు మానేసినవాళ్ళు ఇల్లు వెంటేసుకుని తిరుగుదామనుకున్నారు. రెండేళ్ళకు వాళ్ళు విసిగిపోయి అమ్ముకోవడం మొదలుపెట్టాక మాలాంటివాళ్ళం కొనుక్కున్నాం. డెన్వర్ శివార్లలో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు ఆవకాయ ఆర్డర్ల మధ్యన టైర్ల గాలి గురించి చర్చలు నడుస్తుంటాయి. సామాన్లూ నీళ్ళూ నింపితే మా ట్రైలరు ఆరువేల పౌండ్లు, అంటే సుమారు రెండువేల ఏడువందల కిలోలు. లాగే పికప్పు బరువూ ఇంచుమించు అంతే. మన వెనక మనంత బరువున్నది ఇంకొకటి వస్తోందన్నమాట.

ఆ వెనకదానికి బ్రేకులు పికప్పువి కావు. దానివి దానికే ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో మూడువేల పౌండ్లు దాటిన ట్రైలరుకి సొంత బ్రేకులు ఉండి తీరాలి. స్టీరింగు పక్కన ఒక చిన్న కంట్రోలరు పెట్టె ఉంటుంది. మనం పెడల్ తొక్కితే అది ఎంత కరెంటు పంపాలో లెక్క వేసుకుని ఒక నీలం తీగలోంచి వెనక్కి పంపుతుంది. పెట్టె మీద ఒక అంకె వెలుగుతుంది. అంతే. కారు బ్రేకు తొక్కితే పాదానికి ఏదో ఒకటి తెలుస్తుంది, గట్టిగా ఉందనో, మెత్తబడిందనో, కొట్టుకుంటోందనో. ట్రైలరు బ్రేకు మాత్రం మన కాలికి ఏమీ చెప్పదు. కరెంటు పంపామని తెలుస్తుంది గానీ అక్కడ చక్రాన్ని ఏదైనా పట్టుకుందో లేదో తెలియదు.

ఈ సంగతి నాకు తెలుసు. కానీ దాన్నొక ప్రశ్నగా మా నాన్న అడిగాక గానీ అది నన్ను నిద్రపోనివ్వకుండా చేయలేదు. ఆయన ఆ మే నెలలో ఆరు నెలల కోసం తిరుపతి నుంచి వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు నడిపిన మనిషి, అందులో ఎక్కువ కాలం తిరుమల ఘాట్ మీదే. ట్రైలరు చుట్టూ రెండుసార్లు తిరిగారు. లోపలికి రమ్మంటే రాలేదు. చక్రం పక్కన చేత్తో ఊతం తీసుకుని మెల్లిగా గొంతుక్కూర్చుని, "ఎనకాల దీనికి బ్రేకు ఎవరేస్తా ఉండారు పాపా?" అన్నారు.

చెప్పాను. కరెంటు అని.

"కరెంటు పోతే?"

బ్రేకు పడదని చెప్పాను. ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, తను మాత్రం ఈ బండి తగిలించిన దాంట్లో కొండల్లోకి రానన్నారు. మీరెళ్ళండి, నేను ఇంట్లో ఉంటానన్నారు. కోపంగా కూడా కాదు. ఆయన చేతుల వణుకు అప్పటికి రెండేళ్ళది. తిరుపతిలో డాక్టరు స్కూటరు కూడా మానెయ్యమంటే మారు మాట్లాడకుండా తాళం మా అన్నయ్యకిచ్చేశారు. ఆరోగ్యం చూస్తే ఇంకోసారి ఇంత దూరం విమానంలో వస్తారని మాకెవరికీ లేదు. కొలరాడోలో ఉండి కొండలు చూడకుండా, సబ్‌డివిజన్ ఫుట్‌పాత్ మీద రోజుకి నాలుగు చుట్లు తిరిగి ఆయన వెనక్కి వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు.

"కరెంటు పోతే?" అన్నది చిన్న ప్రశ్న కాదు. రైళ్ళవాళ్ళు దీనికి నూటయాభై ఏళ్ళ కిందటే జవాబు వెతుక్కున్నారు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో పేటెంటు తీసుకున్న మొదటి గాలి బ్రేకులో గాలి పంపితే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకు లేదు. 1872కల్లా ఆయనే దాన్ని తిరగేశాడు. గొట్టంలో ఎప్పుడూ గాలి ఒత్తిడి ఉంటుంది, అది తగ్గితేనే బ్రేకు పడుతుంది. పెట్టెలు విడిపోతే రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి. ఇప్పటి పెద్ద లారీల్లో, బస్సుల్లో కూడా గాలి పూర్తిగా పోతే స్ప్రింగులు చక్రాలను బిగించేస్తాయి. గేజీ ముల్లు పైకి లేచేదాకా బండి కదపకూడదన్నది మా నాన్నకు ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. ఊపిరి నిండాకే బయలుదేరాలి అనేవారు. ఆయన బుర్రలో బ్రేకు అంటే ఏదో ఒకటి లేకపోతే పడేది. ఇక్కడ ట్రైలరు బ్రేకు ఏదో ఒకటి ఉంటేనే పడేది. ఆయన అభ్యంతరం అంతా అక్కడుంది.

ట్రైలరు వాళ్ళు కరెంటునెందుకు పట్టుకున్నారంటే చవక, తేలిక, గొట్టాల గొడవ లేదు. 1927లో విస్కాన్సిన్‌లోని బెలాయిట్‌లో ఏ.పీ. వార్నర్ అనే ఆయన ట్రైలర్ల కోసం ఎలక్ట్రిక్ బ్రేకుల కంపెనీ పెట్టాడు. అంతకుముందు సోదరుడితో కలిసి కార్లకి స్పీడోమీటరు తయారుచేసినవాడు కూడా ఆయనే. ఎంత వేగంగా పోతున్నామో చూపించినవాడే ఆపడానికీ పూనుకోవడం నాకు నచ్చింది. దాని లోపల పని కూడా ముచ్చటగానే ఉంటుంది. డ్రమ్ము లోపల ఒక చేయి చివర అయస్కాంతం ఉంటుంది. కరెంటు రాగానే అది తిరుగుతున్న డ్రమ్ము గోడకి అతుక్కుని, దాంతో పాటు కొంచెం ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పుకి చేయి మెదిలి బ్రేకు షూలను బయటికి నెడుతుంది. చక్రం తన వేగంతో తనే తన బ్రేకును వేసుకుంటుంది. తెలివైన ఏర్పాటే. తొంభై ఏళ్ళు దాటినా చాలా ట్రైలర్లకి ఇప్పటికీ ఇదే.

సదరు మైదానాల్లో తిరిగేవాళ్ళకి ఇది చాలు కూడా. మాకు చాలకపోవడానికి కారణం ఇంటర్‌స్టేట్ 70. డెన్వర్ నుంచి పడమరకు వెళ్తే ఐసెన్‌హోవర్ సొరంగం వస్తుంది, సముద్రమట్టానికి పదకొండువేల అడుగుల పైన. సొరంగం దాటగానే సిల్వర్‌థోర్న్ దాకా దాదాపు ఎనిమిది మైళ్ళు ఒకటే దిగుడు, ఏడు శాతం దాకా వాలు. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి రోడ్డు పక్కన కంకర పోసిన ఎదురు ర్యాంపులు రెండు చోట్ల కట్టారు. ఊరకే కట్టరు కదా.

ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఆ ఎనిమిది మైళ్ళలో దిగే ఎత్తు ఏడువందల మీటర్ల దాకా ఉంటుంది. రెండువేల ఏడువందల కిలోల ట్రైలరు అంత ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి పద్దెనిమిది మెగాజౌళ్ళు. యాభై లీటర్ల చన్నీళ్ళను మరిగించేంత వేడి. పికప్పుది వేరే. ఆ వేడి ఎక్కడికో అక్కడికి పోవాలి. కొంత గాలి తీసుకుంటుంది, చిన్న గేరు వేస్తే కొంత ఇంజను తీసుకుంటుంది, మిగతాదంతా చక్రాల్లోకే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది, లైనర్ల పట్టు తగ్గుతుంది, లోపలి వేడికి బయటికి పోయే దారి ఉండదు. డిస్కు అట్లా కాదు. బయటికే ఉంటుంది, గాలి తగులుతుంది, వేడికి ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది.

లెక్క అయ్యాక ఇంకోటి గమనించాను. తిరుమల నుంచి అలిపిరికి దిగే ఎత్తు కూడా ఇంచుమించు అంతే. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. మా నాన్న తన ఉద్యోగంలో ఈ పద్దెనిమిది మెగాజౌళ్ళకు ఎన్నో రెట్లు రోజుకు మూడు నాలుగుసార్లు వదిలించుకుంటూ బతికాడు. మెగాజౌలు అన్న మాట ఎప్పుడూ వినకుండానే. ఒకసారి దిగుతుండగా లైనర్ల వాసన వచ్చిందని ఒక మలుపులో బస్సాపి, చక్రాలు చల్లారేదాకా గంటసేపు కూర్చున్నారట. రైలందదని జనం అమ్మనాబూతులు తిట్టారట. ఆయన దిగి చక్రాల పక్కన నిలబడి బీడీ వెలిగించుకున్నారట. ఆ కథలో ఆయన చెప్పే ముఖ్యమైన వాక్యం, "తిట్టేదానికి బతికుండారు కదా."

డిస్కులు వేయించుదామంటే మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన వాదన తప్పేమీ కాదు. ఉన్న బ్రేకులు సరిగ్గా పనిచేస్తే చాలు, ముందు అవి విప్పి చూద్దాం అన్నాడు. విడిభాగాలకే రెండువేల నాలుగువందల డాలర్లు లెక్క తేలింది. పద్దెనిమిదివేలు పెట్టి కొన్న బండికి! అందుకని ముందు విప్పాం. మా కాలనీ అసోసియేషన్ ఇంటి ముందు ట్రైలరు రెండు రోజులకు మించి ఉండనివ్వదు, స్టోరేజీ యార్డులో రిపేర్లు కూడదు. బెనెట్‌లో ఎకరం స్థలంతో ఇల్లున్న స్నేహితురాలు ఉంది గనక బతికిపోయాం.

నాలుగు చక్రాలూ విప్పితే నాలుగూ నాలుగు రకాలుగా ఉన్నాయి. ఒక డ్రమ్ము నిండా గ్రీజు. బేరింగులకి గన్నుతో గ్రీజు కొట్టే సౌకర్యం ఉంటుంది, ఎవరో ఉత్సాహంగా కొట్టేసరికి అది సీలు దాటి షూల మీదికి కారింది. గ్రీజు తాగిన లైనరు తుడిచినా పనికిరాదు. దాని అవతలి చక్రంలో అయస్కాంతం కొత్తదానిలా ఉంది, అసలెప్పుడూ పనిచేసినట్టే లేదు. మీటరు పెట్టి వెతికితే తేలింది. ఇరుసు గొట్టం లోపల్నుంచి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయే సన్నటి తీగ కుదుపులకు రాసుకుని రాసుకుని తెగింది. అంటే మేం కొన్నప్పటి నుంచీ నాలుగు చక్రాల బ్రేకు అనుకుంటూ రెండింటితో ఆపుతున్నాం. డ్యాష్‌బోర్డు మీద అంకె మాత్రం ఎప్పుడూ నిండుగా వెలిగేది.

నాన్న కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని చూస్తున్నారు. "నీకు కరెంటు పోయుండేది అప్పుడే పాపా," అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. డ్రమ్ములు తీసేసి డిస్కులు వేసుకుని, అబ్బ ఎంత తేడా అని మురిసిపోయేవాళ్ళలో సగం మందికి ఆ తేడా డిస్కుల వల్ల వచ్చింది కాదు. తెగిన తీగ, గ్రీజు పట్టిన షూ, ఎప్పుడూ బిగించని అడ్జస్టరు, వీటి నుంచి బయటపడ్డందువల్ల వచ్చింది. డ్రమ్ము బ్రేకులను కొత్తలో రెండువందల మైళ్ళకూ, తర్వాత మూడువేల మైళ్ళకోసారీ చేత్తో బిగించుకోవాలి. ఎవరు బిగిస్తారు? కొత్త షూలు, కొత్త అయస్కాంతాలు, కొంచెం లావుపాటి తీగ వేయించుకుంటే నాలుగైదువందల డాలర్లలో మంచి బ్రేకులొస్తాయి. మైదానాల్లో తిరిగేవాళ్ళకి నేను అదే చెప్తాను. ఐసెన్‌హోవర్ దిగాలి గనక, వేడి అన్నదొకటి ఉంది గనక మేం డిస్కులకే వెళ్ళాం. ఆ తెగిన తీగ చూశాక మా ఆయన కూడా మాట్లాడలేదు.

పని రెండు వారాంతాలు పట్టింది. పాత బ్రేకు ప్లేటు విప్పి, అదే బోల్టుల మీద క్యాలిపరు బ్రాకెట్టు బిగించాలి. కొత్త రోటరుకి బేరింగులు, సీలు వేసి ఎక్కించాలి. చక్రం లోపల క్యాలిపరుకి జాగా ఉందో లేదో ముందే కొలుచుకోవాలి, అన్ని రిమ్ములకీ పట్టదు. తుప్పు పట్టిన రెండు బోల్టులు ఒక పూట మింగేశాయి. ఇరుసు పొడుగునా నూనె గొట్టాలు వేసుకుంటూ వచ్చి ముందు భాగంలో పంపుకి కలపాలి. అసలు సంగతి ఆ పంపే. పికప్పు నుంచి వచ్చే కరెంటు ఇప్పుడు చక్రాల దాకా పోదు, ఈ పంపు దగ్గరే ఆగుతుంది. పంపు బ్రేకు ఆయిల్ మీద పదహారువందల పీఎస్ఐ దాకా ఒత్తిడి పెడుతుంది, ఆ ఒత్తిడి నాలుగు చక్రాలకీ సమానంగా పోతుంది. ఇరుసు గొట్టంలో రాసుకునే తీగలిక లేవు.

అయితే కరెంటు పోతే ఇదీ పడదు. నాన్న ఆ ప్రశ్న మళ్ళీ అడిగారు, నేను అదే జవాబు చెప్పాను. ట్రైలరు కొక్కెం నుంచి ఊడిపోతే ఒక పిన్ను లాగబడి, దాని సొంత బ్యాటరీతో బ్రేకు పడే ఏర్పాటు పాతదానికీ ఉంది, దీనికీ ఉంది. అది విడిపోయినప్పటి మాట. తగిలించి ఉండగా తీగ తెగితే, ఫ్యూజు పోతే, పంపు మొరాయిస్తే ఏమీ లేదు. ఇంకా చెప్పాలంటే ఇదివరకు ఒక తీగ తెగితే కొన్ని చక్రాలైనా మిగిలేవి, ఇప్పుడు పంపు పోతే నాలుగూ పోతాయి. పైగా ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. ఇవన్నీ దాచకుండా చెప్పాను. ఆయన తల ఊపి, "అయితే పొద్దున్నే చూసుకోవాల," అన్నారు. ఆయన ఉద్యోగమంతా పొద్దున్నే చూసుకునే ఉద్యోగమే.

చివర్న గొట్టాల్లో గాలి తీయాలి. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు పికప్పులో కూర్చుని కంట్రోలరు మీదున్న చేతి మీట నొక్కితే పంపు తిరుగుతుంది. ఇంకొకరు చక్రం దగ్గర బ్లీడరు స్క్రూ కొంచెం వదిలి, ప్లాస్టిక్ గొట్టంలోంచి సీసాలోకి బుడగలు పోవడం చూసి, మళ్ళీ బిగించాలి. దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. మా ఆయన ఆ రోజు ఊళ్ళో లేడు. నాన్న అడగకుండానే కుర్చీలోంచి లేచి వెళ్ళి డ్రైవరు తలుపు తీశారు.

ఎక్కడానికి కొంత టైము పట్టింది. ఎక్కాక సీటు ముందుకు జరుపుకున్నారు, అద్దాలు రెండూ సరిచేసుకున్నారు. బండి ఎక్కడికీ పోవడం లేదు, చక్రాలు నాలుగూ స్టాండుల మీద గాల్లో ఉన్నాయి. అద్దం ఎందుకు నాన్నా అంటే, "నువ్వు కనపడొద్దా?" అన్నారు. మీట ఎట్లా నొక్కాలో చూపించాను. కొంచెం నొక్కితే కొంచెం ఒత్తిడి, పూర్తిగా నొక్కితే పూర్తి ఒత్తిడి. మొదట్లో చెయ్యి వణికి పంపు గుక్కిళ్ళు మింగినట్టు ఆగి ఆగి తిరిగింది. రెండో చక్రానికి ఆయనే కనిపెట్టారు. మొత్తం చివరిదాకా ఒత్తిపట్టుకుంటే వణకదు.

నేను కింద పడుకుని "ఒత్తు" అంటే ఒత్తేవారు. "వదులు" అంటే వదిలేవారు. అరగంట తర్వాత నేను చెప్పాల్సిన అవసరం పోయింది. అద్దంలో నా మోచెయ్యి చూసి, స్పానరు ఎటు తిరుగుతోందో బట్టి ఆయనే ఒత్తి ఆయనే వదులుతున్నారు. నాలుగు చక్రాలూ రెండేసి సార్లు చేశాం. బుడగలు ఆగిపోయి ఆయిల్ సన్నటి ధారగా వచ్చింది. చక్రం చేత్తో తిప్పి "ఒత్తు" అన్నాను, ఉన్నచోట ఠక్కున ఆగింది. మిగతా మూడూ అంతే. దిగుతారేమో అని చూశాను. ఇంకాసేపు అక్కడే కూర్చున్నారు. నేను సామాన్లు సర్దుకుంటూ ఉండిపోయాను.

ఆగస్టు మూడో వారంలో బయలుదేరాం, నాన్న ముందు సీట్లో. కంట్రోలరు సెట్టింగుల్లో ఎలక్ట్రిక్ అని ఉన్నదాన్ని ఎలక్ట్రిక్-ఓవర్-హైడ్రాలిక్ అని మార్చి, ఖాళీ పార్కింగులో పది పదిహేనుసార్లు ఆపి చూసి, పట్టు ఎంతుండాలో ఒక అంకె పెట్టుకున్నాను. పంపు ఒత్తిడి పెంచడానికి రెప్పపాటు ఆలస్యం చేస్తుంది, కాలికి అది అలవాటవ్వాలి. సొరంగం దాటాక నాన్న ఒక్కటే అన్నారు, "ఎక్కిన గేర్లోనే దిగు." ఆటోమేటిక్ బండి అని చెప్పకుండా మూడో గేరు పట్టించాను. వేగం పెరిగినప్పుడల్లా ఒకసారి గట్టిగా తొక్కి తగ్గించి, పూర్తిగా వదిలేయడం. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. ఆయన రోడ్డు చూడలేదు, కొండలూ చూడలేదు. ఎనిమిది మైళ్ళూ నా పాదం వైపే చూశారు.

సిల్వర్‌థోర్న్‌లో పెట్రోలు బంకు పక్కన ఆపగానే, నేను దిగేలోపే ఆయన దిగి వెనక్కి నడిచారు. ట్రైలరు చక్రాల దగ్గర ఒక్కోదానికీ వంగి, అరచెయ్యి ముట్టించకుండా దగ్గరగా పెట్టి, కాసేపు ఉంచి, తర్వాతదానికి పోయారు. అటు రెండు, ఇటు రెండు. తర్వాత పికప్పు ముందు చక్రాలు.

"ఎనకాలవి నాలుగూ సమానంగా ఉండాయి," అన్నారు. "ముందరివే ఎక్కువ కాలతా ఉండాయి. ఎనకదాన్ని ఇంకొంచెం పనిచెయ్యనీ."

కంట్రోలరు మీద అంకె అర పాయింటు పెంచాను.